మీటలును ఆజ్ఞలును

కంప్యూటరు ముందు గూర్చుండి పనిచేయువారు దినమున కెన్నియో వేలమారులు మీటలు నొక్కుచుందురు. ఐనను ఏ మీటకు ఏ పని యని నిర్ణయించినవా రెవ్వరు? ఆ నిర్ణయమును మనము మార్చుకొనవచ్చునా? మార్చుకొనుట మేలా, కీడా? ఈ ప్రశ్నలు చాలమందికి దోచవు. అందుచే మన విద్యార్థులకును, వారిని కంప్యూటరు చదువునకు పంప నెంచు తల్లిదండ్రులకును ఉపయోగపడునట్లు ఈ విషయమును సులభముగా వివరింప బూనితిమి.

అమీరుపేట, పంజాగుట్ట ప్రాంతములవారికి ఈ విషయము ఇతరులకంటె నెక్కువ సంబంధించినది. మైత్రీవనము చుట్టును, ఆదిత్య ఎన్‌క్లేవు వైపునను శిక్షణశాలల ప్రకటన పలకలను చూడనివా రుండరు. 1990 తరువాతి సంవత్సరములు మొదలుకొని తెలుగు జిల్లాలనుండి వేలకొలది యువతీయువకులు వచ్చి, చుట్టుపట్ల హాస్టళ్ళలో నుండి, ఇచ్చట ప్రోగ్రాములు వ్రాయుట నేర్చి, ఉద్యోగములకై దేశదేశములకు బోయిరి. ప్రోగ్రాము వ్రాయుట కుపయోగించు సాధనమునకు ఎడిటరు అని పేరు. అది పలకవంటిది. అక్షరములు కూర్చుటకు, తుడుచుటకు, వెదకుటకు, ఒకచోటి వాక్యమును ఇంకొకచోటికి మార్చుటకు అది యుపకరించును. శిక్షణశాలలోని యంత్రము విద్యార్థి సొంతము కాదు. ఒక తరగతివారు లేచిపోగానే మఱియొక తరగతివారు వచ్చి అదే కుర్చీలో గూర్చుందురు. పరీక్షాకేంద్రములోని యంత్రము ఇంకొకరిది. ఉద్యోగశాలలోని యంత్రము వేఱొకరిది. యంత్రములు మాఱుచుండును గాని చేయి మాఱదు. ఆ చేతికి ఏ యలవాటు నేర్పవలెను, ఎంతవఱకు యంత్రమునే మన చేతికి అనుకూలముగా మార్చుకొనవలెను అనునదియే ఈ పాఠమునందలి ముఖ్యవిషయము.

మీట నొక్కినప్పు డేమి జరుగును?

మీటమీద ‘కె’ అని ముద్రించి యున్నందున అది ‘కె’ అను నక్షరమునే పంపునని మనము తలంతుము. అది సరికాదు. మీట నొక్కగానే కీబోర్డు పంపునది ఒక సంఖ్య మాత్రమే. ‘ఫలాని స్థానమందలి మీట క్రిందికి దిగినది’ అని దాని యర్థము. ఆ వార్త మూడు గడపలు దాటవలెను.

మొదటి గడప ఆపరేటింగు సిస్టము. అది కొన్ని కలయికలను తనకే యుంచుకొనును. విండోసులో ఆల్టు మీటతో టాబు నొక్కినచో ఒక కిటికీ పోయి యింకొక కిటికీ వచ్చును. ఆ వార్త ఎడిటరు వఱకు పోనేరదు. రెండవ గడప భాషకు చెందిన అమరిక. ఇంగ్లీషు అమరిక యున్నచో పైని జెప్పిన మీట ‘కె’ యగును; తెలుగు ఇన్‌స్క్రిప్టు అమరిక యున్నచో అదే మీట ‘క’ యగును. మూడవ గడప ఎడిటరు. దానియొద్ద ఏ మీటకు ఏ యాజ్ఞ యని తెలుపు పట్టిక యొకటి యుండును. కంట్రోలుతో ‘ఎస్’ వచ్చినచో వ్రాతను భద్రపఱచుము, కంట్రోలుతో ‘ఎఫ్’ వచ్చినచో వెదకుము అని సాధారణముగా ఆ పట్టికలో నుండును. ఇట్లు మీటకు ఆజ్ఞను ముడివేయుటనే కీ బైండింగు అందురు. ముడి యన్నమాట దీనికి మిక్కిలి తగియున్నది. ఏలయన, వేసినవా రెవ్వరైనను, ముడిని విప్పవచ్చును, మరల వేఱువిధముగా వేయవచ్చును.

ఈ మూడు గడపలను గుర్తుంచుకొన్న విద్యార్థి తాను వేసిన ముడి పనిచేయనప్పుడు కలతపడడు. వార్త ఏ గడపయొద్ద నిలిచిపోయినదో వెదకి తెలిసికొనును.

ముళ్ళు వేసినవారి కథ

నేడు మనము వాడు ముళ్ళలో చాలభాగము ఆయా కాలముల యంత్రములను బట్టి మనుష్యులు వేసినవే. ఇంగ్లీషు కీబోర్డున పైవరుసలో ‘క్యూ, డబ్ల్యూ, ఇ, ఆర్, టి, వై’ అని వచ్చు వరుస, అమెరికావాసియగు క్రిస్టఫర్ లేథమ్ షోల్స్ అను నతడు తన సహచరులతో నిర్మించిన టైపుమిషనునుండి వచ్చినది. దానిని రెమింగ్టన్ కంపెనీవారు 1874లో అమ్మకమునకు బెట్టిరి. తరువాత 1936లో ఆగస్ట్ డ్వొరాక్ అను పండితుడు, తఱచుగా వచ్చు అక్షరములన్నియు వ్రేళ్ళక్రిందనే యుండునట్లు వేఱొక అమరికను కూర్చి పేటెంటు పొందెను. ఐనను లోకము పాతదానిని విడువలేదు. అప్పటికే లక్షలమంది చేతులు పాత వరుసకు అలవడి యుండెను.

యూనిక్సు యంత్రములపై నుండు ‘వి.ఐ.’ అను నెడిటరు కథ యింకను చిత్రమైనది. దానిని 1976 ప్రాంతమున కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖలో బిల్ జాయ్ అను విద్యార్థి వ్రాసెను. అందులో ఎడమకు ‘హెచ్’, క్రిందికి ‘జె’, పైకి ‘కె’, కుడికి ‘ఎల్’ నొక్కవలెను. క్రొత్తగా నేర్చువారు ఇదేమి వింతయని యాశ్చర్యపడుదురు. ఆతడు పనిచేసిన ఏ.డి.ఎం.-3ఏ అను యంత్రమున బాణపు గుర్తులకు వేఱు మీటలు లేవు. ఆ నాలుగు అక్షరముల మీటలమీదనే బాణములు ముద్రింపబడి యుండెను. ఆ యంత్రము మూలబడి యెన్నియో యేండ్లైనను ఆ ముడి మాత్రము నేటికిని నిలిచియున్నది.

కత్తిరించుటకు ‘ఎక్స్’, ప్రతి తీయుటకు ‘సి’, అతికించుటకు ‘వి’ అను ముళ్ళను అందఱు నెఱుగుదురు. లారీ టెస్లర్ అను శాస్త్రజ్ఞుడు (2020లో మరణించెను) 1983లో వెలువడిన ఆపిల్ వారి లీసా కంప్యూటరునకు వీనిని ఏర్పఱచెను. ఇవి క్రిందివరుసలో ప్రక్కప్రక్కనే యుండుటచే ఎడమచేయి వీనిమీద నుండగా కుడిచేయి మౌసును పట్టుకొనవచ్చును.

మన పాఠమునకు మిక్కిలి యుపయోగించు కథ ఈమాక్సు అను నెడిటరుది. 1970 తరువాతి సంవత్సరములలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయపు ప్రయోగశాలలో టెకో అను నెడిటరు వాడుకలో నుండెను. ఏ మీటకు ఏ యాజ్ఞయో ఎవరికి వారు నిర్ణయించుకొను సౌకర్యము దానికి గలిగినది. అంతట ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా ముళ్ళు వేసికొనిరి. కొంతకాలమునకు ఒకరి బల్లయొద్ద ఇంకొకరు గూర్చుండి పనిచేయలేని స్థితి యేర్పడినది. ఒకే యెడిటరు, ఒకే గది. ఐనను ఒకరి యలవాటు వేఱొకరికి అగమ్యగోచరము. అప్పుడు గై స్టీల్ అను నతడు అందఱి ముళ్ళను పరిశీలించి, మేలైనవానిని ఏర్చి, ఒకే పట్టికగా గూర్చ మొదలిడెను. రిచర్డ్ స్టాల్‌మన్ దానిని పూర్తిచేసెను. 1976లో ఈమాక్సు ఇట్లు పుట్టినది. మార్చుకొను స్వాతంత్ర్యమును వారు తీసివేయలేదు. అందఱికిని దెలిసిన యొక పునాదిని దానిక్రింద నుంచిరి.

తెలుగు మీటల కథ

ఈ కథయే మన తెలుగు వ్రాతలోను జరిగినది. కంప్యూటరుపై తెలుగు పుస్తకములు కూర్చుట మొదలైన దినములలో ఒక్కొక్క కంపెనీవారి తెలుగు ఫాంటులకు ఒక్కొక్క యేర్పాటు. ముద్రణశాలలలో ఆపిల్ అనియు, మాడ్యులర్ అనియు పేర్లుగల అమరికలు వ్యాపించినవి. ఒక అమరికకు అలవడిన కంపోజిటరునకు ఇంకొక అమరికగల చోట చేతులు కట్టివేసినట్లయ్యెడిది. అంతకంటె పెద్ద చిక్కు వేఱొకటి గలదు. ఆ ఫాంటులు ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు అక్షరముల ముక్కలను ఉంచుకొనెను. కావున ఆ ఫాంటు లేని యంత్రమున అదే వ్రాతను తెఱచినచో తెలుగు మాయమై అర్థములేని ఇంగ్లీషు అక్షరములు కనబడును. ఇట్లు ఎన్నియో పుస్తకముల కంప్యూటరు ప్రతులు ఫాంటునకు బందీలై పోయినవి.

ఈ చిక్కును రెండు పనులు తీర్చినవి. మొదటిది ఇన్‌స్క్రిప్టు. భారత ప్రభుత్వపు ఎలక్ట్రానిక్సు శాఖవారు 1986లో దీనిని ఏర్పఱచిరి. ఇది 1991లో ఐ.ఎస్. 13194 అను భారత ప్రమాణమున జేరినది. మన లిపులన్నిటికిని వర్ణమాల క్రమ మొక్కటే గదా! అందుచే హల్లులను ముఖ్యముగా కుడిచేతికిని, అచ్చులను వాని గుణింతపు గుర్తులను ఎడమచేతికిని పంచిరి. ‘కె’ మీట ‘క’. షిఫ్టుతో నొక్కినచో ‘ఖ’. ‘ఎల్’ మీట ‘త’, షిఫ్టుతో ‘థ’. పలక అని వ్రాయుటకు హెచ్, ఎన్, కె మీటలను వరుసగా నొక్కవలెను. అవే మూడు మీటలను హిందీ అమరికలో నొక్కినను, కన్నడ అమరికలో నొక్కినను, ఆయా లిపులలో పలక యనియే వచ్చును. ఒక్కసారి నేర్చిన చేయి పెక్కు భాషలకు బనికివచ్చునని దీని భావము.

రెండవది యూనికోడు. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పులోనే తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. దీనిచే అక్షరము వేఱు, మీట వేఱు అయినవి. నేడు ‘అమ్మ’ అను మాటను ఒకరు ఇన్‌స్క్రిప్టులో షిఫ్టుతో డి, తరువాత సి, డి, సి నొక్కి వ్రాయుదురు. ఇంకొకరు అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున తెలుగు విద్యార్థులు కూర్చిన ఆర్.టి.ఎస్. పద్ధతిలో ఏ, ఎం, ఎం, ఏ నొక్కి వ్రాయుదురు. ‘లేఖిని’ వంటి సాధనములు ఈ రెండవ త్రోవనే సులభము చేసినవి. వ్రాసిన చేతులు వేఱైనను భద్రమైన అక్షరములు ఒక్కటియే. చదువువానికి భేదము కానరాదు. నలుగురును పంచుకొను వస్తువు ఒక్కటిగా నున్నప్పుడు ఎవరి చేతికి దగిన త్రోవ వారు పట్టుట వలన నష్టము లేదని యిందువలన దెలియుచున్నది.

ఇచ్చట తెలుగువారికి తటస్థించు నొక చిక్కును జెప్పవలెను. తెలుగు ఇన్‌స్క్రిప్టు అమరిక పెట్టి వి.ఐ. ఎడిటరులో తెలుగు వ్రాసి, ఎస్కేపు నొక్కి, హెచ్, జె, కె, ఎల్ మీటలతో కదలబోయినచో కదలిక యుండదు. ఎడిటరునకు చేరునవి ఆ నాలుగు ఇంగ్లీషు అక్షరములు కావు. ప, ర, క, త అను తెలుగు అక్షరములు. వానికి పట్టికలో ఆజ్ఞలు లేవు. యంత్రము చెడినదని యెంచి కొందఱు దానిని ఆర్పి మరల వెలిగింతురు. వార్త రెండవ గడపయొద్దనే రూపు మాఱినదని తెలిసినవారు అమరికను ఇంగ్లీషునకు మార్చి పని సాగింతురు. ఈమాక్సులో నైతే తెలుగు వ్రాయు పద్ధతి ఎడిటరు లోపలనే, అనగా మూడవ గడపయందే యున్నది. కంట్రోలుతో వెనుకకు వాలిన గీత మీటను నొక్కినచో అది వచ్చును, మరల నొక్కినచో పోవును. ఆజ్ఞలు మాత్రము చెడవు.

మార్చుకొను విధము

ఇక మార్పు చేసికొనువారు పాటింపదగిన నియమములను జెప్పెదము.

మొదటిది: ఉన్నదానిని ముందు నేర్చుకొనుడు. ప్రతి ఎడిటరును తన పట్టికను జూపును. 2015లో మైక్రోసాఫ్టువారు విడుదల చేసిన విజువల్ స్టూడియో కోడులో కంట్రోలుతో ‘కె’, తరువాత కంట్రోలుతో ‘ఎస్’ నొక్కినచో పట్టిక యంతయు తెఱచుకొనును. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో సెట్టింగులక్రింద షార్ట్‌కట్ మ్యాపరు అని యుండును. ఈమాక్సులో కంట్రోలుతో ‘హెచ్’, తరువాత ‘కె’, ఆ తరువాత ఏ మీట నొక్కిన ఆ మీట పని యేమో అదియే వివరించును. చాలసార్లు మనము కోరిన ముడి అచ్చట ముందే యుండును.

రెండవది: కారణము లేక మార్చకుడు. దినమునకు పలుమారులు చేయుచు, ప్రతిసారి మెనూలో వెదకవలసిన పనికి ముడి వేసికొనుట లాభము. నెలకొకమారు చేయు పనికి వేసిన ముడిని నెల తిరుగునప్పటికి మనమే మఱచెదము.

మూడవది: ఖాళీస్థలములో గట్టుకొనుడు. ఇంటి ముందటి బాటను మూసి గది కట్టరాదు గదా! ఈమాక్సును పెంచినవారు కంట్రోలుతో ‘సి’, ఆ తరువాత ఏదేని యొక అక్షరము అను కలయికలను, ఎఫ్5 మొదలు ఎఫ్9 వఱకు గల మీటలను వాడువారి కొఱకే విడిచిపెట్టిరి. ఇతర ఎడిటరులలోను ఇట్టి ఖాళీలను వెదకుడు. భద్రపఱచు మీటను, చేసిన పనిని రద్దుచేయు మీటను ఎన్నడును వేఱుపనికి బెట్టకుడు.

నాలుగవది: ముడి యెచ్చట చెల్లవలెనో చెప్పుడు. విజువల్ స్టూడియో కోడులో ప్రతి ముడికి ‘ఎప్పుడు’ అను నియమమును చేర్చవచ్చును. వ్రాత మధ్య నున్నప్పుడొక పని, వెదకు పెట్టెలో నున్నప్పుడు వేఱొక పని చేయునట్లు ఒకే మీటను ఏర్పఱచవచ్చును. ఆ యెడిటరు ముళ్ళ జాబితాను క్రిందినుండి పైకి జదువును. మొదట కుదిరినదానినే పాటించును. కావున తరువాత వ్రాసిన ముడికే బలము. పాత ముడిని విప్పుటకు ఆజ్ఞ పేరునకు ముందు చిన్న అడ్డుగీత పెట్టిన చాలును.

ఐదవది: ముడిలో ముడి పడనీయకుడు. వి.ఐ.కి వారసుడై 1991లో వెలువడిన విమ్ ఎడిటరులో ‘మ్యాప్’ అను మాటతో ‘జె’ నొక్కిన ‘కె’ యనియు, ‘కె’ నొక్కిన ‘జె’ యనియు వ్రాసినచో అది ఒకదానినుండి యింకొకదానికి తిరిగి తిరిగి, దోషమని చెప్పి యాగిపోవును. ‘నోరీమ్యాప్’ అను మాటతో వ్రాసినచో ఆ మీటకు పుట్టుకతో వచ్చిన పనియే గ్రహింపబడి చిక్కు తీరును. విమ్ వాడువారు మొదటినుండియు ఈ రెండవదానినే యలవాటు చేసికొనుట మంచిది.

ఆఱవది: మార్చినదానిని వ్రాసి యుంచుడు. ఈ ముళ్ళన్నియు చిన్న దస్త్రములో నుండును. ప్రతి ముడికి ప్రక్కన కారణమును ఒక వాక్యములో వ్రాసి, ఆ దస్త్రమునకు ప్రతి తీసి భద్రపఱచుకొన్నచో క్రొత్త యంత్రమునకు మాఱినప్పుడు క్షణములో మీ యలవాట్లు మీకు లభించును.

ఏడవది: పదిమంది వాడు యంత్రమున మార్పు చేయకుడు. చేసినచో లేచుటకు ముందు పూర్వస్థితికి దెండు. పంజాగుట్ట చౌరస్తాలో బండి నడుపువాడు తన యెత్తును బట్టి సీటును, అద్దమును సరిచేసికొనవచ్చును. బ్రేకు స్థానమును మార్చినచో తరువాత ఆ బండి నెక్కువాని ప్రాణమునకు ముప్పు. తరువాత వచ్చు విద్యార్థి పరీక్షకై యొక గంట మాత్రమే ఆ యంత్రము ముందు గూర్చుండునేమో! మీరు మార్చిన యొక మీట వాని గంటలో పావుభాగమును హరింపవచ్చును.

మార్పు అవసరమైనవారు

పై నియమములను జెప్పినంతమాత్రమున అందఱును ఒకే అచ్చులో నుండవలెనని మేము తలంపము. ఒక చేయి మాత్రమే వశమైన బాలిక కంట్రోలును, షిఫ్టును, దూరముననున్న అక్షరమును ఒక్కసారి నొక్కలేదు. అట్టివారికై విండోసులో స్టికీ కీస్ అను నేర్పాటు గలదు. షిఫ్టును ఐదుమారులు వరుసగా నొక్కినచో అది కనబడును. దానితో మీటలను ఒకదాని తరువాత నొకటి నొక్కినను, కలిపి నొక్కినట్లే యంత్రము గ్రహించును. మణికట్టు నొప్పి గలవారు కొందఱు, అంతగా నుపయోగపడని క్యాప్స్ లాకు మీటకు కంట్రోలు పనిని అప్పగించి చిటికెనవ్రేలి శ్రమను తగ్గించుకొందురు. ఇట్టివారికి మార్పు విలాసము కాదు, అది లేక చదువే సాగదు. కావున ఉపాధ్యాయులును, పరీక్ష నడుపువారును, అట్టి విద్యార్థికి గావలసిన యేర్పాటును పరీక్షదినమునకు ముందే యంత్రమున సరిచూచి యుంచుట ధర్మము. తల్లిదండ్రులు సయితము ఈ సౌకర్యము యంత్రములో నున్నదని తెలిసికొని, అడుగుటకు సంకోచింపరాదు. దీనికై ఎక్కువ వెలగల కీబోర్డులు కొనవలసిన పని లేదు.

అభ్యాసము

ఈ సెలవులలో విద్యార్థులు చేయదగిన పని యొకటి చెప్పెదము. మీరు వాడు నెడిటరు పట్టికను తెఱచి, మీకు దెలియని పది ముళ్ళను ఒక కాగితముమీద వ్రాసికొనుడు. వారము దినములు వానినే వాడుడు. వారాంతమున వానిలో ఏవి చేతికి వచ్చినవో, ఏవి రాలేదో గుర్తించుడు. ఆ తరువాత, మీరు తఱచుగా చేయుచుండియు ముడి లేని పని యొకదానిని ఏర్చి, ఖాళీగా నున్న కలయికకు దానిని కట్టుడు. ప్రక్కన కారణము వ్రాయుడు. అట్లే తెలుగు ఇన్‌స్క్రిప్టు అమరికలో మీ పేరును, మీ యూరి పేరును మీటలను జూడక వ్రాయగలుగు వఱకు సాధన చేయుడు.

ఇట్లు చేసినవారికి యంత్రమన్న భయము తొలగును. మీటకును ఆజ్ఞకును నడుమ నున్నది మనుష్యులు వేసిన ముడియే యని తెలిసినవాడు ఏ శిక్షణశాలలో, ఏ యుద్యోగశాలలో, ఏ దేశమున నెట్టి యంత్రము ముందు గూర్చుండినను, మొదట దాని పట్టికను తెఱచి చదువుకొనును. పిమ్మట నిబ్బరముగా పని మొదలుపెట్టును.